చేతుల వణుకుకు డీబీఎస్: ఆపరేషన్ తర్వాతి సంగతి

మా మేనమామ చేతుల వణుకు తగ్గడానికి మెదడులో ఎలక్ట్రోడ్ పెట్టించుకున్నారన్న సంగతి బంధువుల్లో పాకిన దగ్గర్నుంచి, ఎవరింట్లో చేతులు వణికే పెద్దవారున్నా నాకు ఫోను వస్తోంది. ఈ చికిత్స పేరు డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్, అంటే ఛాతీ దగ్గర అమర్చిన బ్యాటరీ యంత్రం నుంచి మెదడు లోతుల్లోని ఎలక్ట్రోడ్‌కు సన్నని వైరు ద్వారా కొద్దిపాటి కరెంటు పంపడం. ఆసుపత్రుల్లో డాక్టర్లు మొదలు వార్డుబాయ్‌ల దాకా అందరూ డీబీఎస్ అనే అంటారు. ఫోను చేసినవారు ఆపరేషన్ ఎవరు చేశారని మొదట అడుగుతారు, ఎంతయిందని తరువాత అడుగుతారు. రెండూ అడగవలసినవే. కాని ఆపరేషన్ అయిన తరువాత ఆ యంత్రాన్ని రోగికి తగినట్టు సరిచేసేది ఎవరు, వారి దగ్గరికి అవసరమైనన్ని సార్లు వెళ్లి రాగలమా అన్న ప్రశ్నను మాత్రం ఇంతవరకు ఎవరూ తమంతట తాము అడగలేదు. నా దృష్టిలో డీబీఎస్ చేయించుకోవాలా వద్దా అన్నదాన్ని చాలావరకు తేల్చేది ఆ ప్రశ్నే. ఎందుకో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. నేను డాక్టరును కాను. పక్కన కూర్చుని చూసినవాణ్ని, చదవగలిగినంత చదివినవాణ్ని.

ముందు జబ్బు సంగతి. చేతులు వణకడం కనిపిస్తే చాలు, అది పార్కిన్‌సన్స్ అని మనవాళ్లు తేల్చేస్తారు. మామయ్యది అది కాదు. పార్కిన్‌సన్స్ వణుకు చెయ్యి ఒడిలో ఊరికే ఉన్నప్పుడు ఎక్కువగా కనిపించి, ఏదైనా అందుకోబోయేసరికి కాస్త తగ్గుతుంది. దానితోపాటు నడక మందగించడం, కండరాలు బిగుసుకుపోవడం, చేతిరాత రానురాను చిన్నదైపోవడం వంటివి ఉంటాయి. మామయ్యకు ఉన్నది ఎసెన్షియల్ ట్రెమర్. ఇందులో చెయ్యి ఊరికే ఉన్నంతసేపూ దాదాపు నిలకడగానే ఉంటుంది. గ్లాసు ఎత్తితే మొదలవుతుంది, అది నోటి దగ్గరికి వచ్చేకొద్దీ పెరుగుతుంది. కొందరికి తల కూడా ఊగుతుంది, గొంతు వణుకుతుంది. చాలా కుటుంబాల్లో ఇది తరం నుంచి తరానికి వస్తుంది. మా తాతగారికీ ఉండేదట, కాని ఆ రోజుల్లో దాన్ని వయసు మీద పడడం కిందే జమకట్టారు.

మామయ్య తెనాలిలో దస్తావేజు లేఖరిగా పనిచేశారు. సంతకం చేయలేని కక్షిదారుల వేలిముద్ర పక్కన ‘ఇది ఫలానావారి ఎడమచేతి బొటనవేలి ముద్ర’ అని గుండ్రటి అక్షరాలతో ఎన్ని వందల కాగితాల మీద రాశారో ఆయనకే తెలియదు. వణుకు ముదిరాక ఆయన సంతకం పాత నమూనాతో కలవడం మానేసింది. చివరికి ఒక బ్యాంకులో ఆయన చేతే వేలిముద్ర వేయించుకుని, పక్కన సాక్షిగా నా సంతకం తీసుకున్నారు. పెళ్లిళ్లలో బంతి భోజనానికి కూర్చోవడం అంతకుముందే మానేశారు. పులుసు అన్నం నోటిదాకా వెళ్లేలోపు చొక్కా మీద పడుతుందన్న భయం ఒకటి, ఈయనకు తాగుడు అలవాటుందేమోనని చూసేవారి చూపులు మరొకటి. నిజానికి మద్యం ఎసెన్షియల్ ట్రెమర్‌ను కొద్దిసేపు తగ్గిస్తుంది. ఆయన తాగరు కనుక ఆ కాస్త ఊరట కూడా లేకుండానే ఆ మాట పడవలసి వచ్చింది.

మందులతోనే మొదలుపెట్టాలి, మేమూ అలాగే మొదలుపెట్టాం. ఈ వణుకుకు మొదట ఇచ్చేవి ప్రొప్రనలాల్, ప్రిమిడోన్ అనే రెండు మందులు. చాలామందికి వీటిలో ఒకటి కొంతవరకైనా పనిచేస్తుంది. కాని ఆస్తమా ఉన్నవారికి ప్రొప్రనలాల్ పనికిరాదు, మామయ్యకు ఆయాసం చిన్నప్పటి నుంచీ ఉంది. ప్రిమిడోన్ వేసుకుంటే పగలంతా మత్తుగా ఉండి, లేచి నిలబడితే తూలేవారు. మందులు పనిచేయకపోయినా, పడకపోయినా, వణుకు వల్ల తిండి, రాత, బొత్తాలు పెట్టుకోవడం వంటివి కుంటుపడుతున్నా అప్పుడు డీబీఎస్ మాట వస్తుంది. కాస్త వణికే చేతికి ఇంత పెద్ద ఆపరేషన్ ఎవరూ సూచించరు, సూచించకూడదు కూడా.

ఈ చికిత్స ఎలా వచ్చిందో తెలిస్తే, దాని బలం ఎక్కడుందో కూడా తెలుస్తుంది. 1952లో అమెరికాలో ఇర్వింగ్ కూపర్ అనే సర్జన్ ఒక పార్కిన్‌సన్స్ రోగికి ఆపరేషన్ చేస్తుండగా మెదడులోని ఒక చిన్న ధమని తెగింది. దాన్ని కట్టేసి, తలపెట్టిన ఆపరేషన్‌ను మధ్యలోనే ఆపవలసి వచ్చింది. రోగి తేరుకున్నాక చూస్తే వణుకు పోయింది, పక్షవాతం మాత్రం రాలేదు. రక్తం అందక మెదడు లోపలి భాగం కొంత చచ్చిపోవడమే అందుకు కారణం. అప్పటికే 1947లో ఫిలడెల్ఫియాలో స్పీగెల్, వైసిస్ అనే ఇద్దరు, తలకు లోహపు చట్రం బిగించి కొలతల ఆధారంగా మెదడు లోతుల్లోకి సూది పంపే పద్ధతిని మనుషుల్లో మొదలుపెట్టి ఉన్నారు. ఈ రెండూ కలిసి, మెదడు నడుమ ఉండే థాలమస్ అనే భాగంలో ఒక చిన్న చోటును కావాలని కాల్చివేసే ఆపరేషన్ స్థిరపడింది. దాన్ని థాలమాటమీ అంటారు. మన దగ్గర మద్రాసులో బి. రామమూర్తి, వి. బాలసుబ్రమణ్యం, టి. ఎస్. కనక బృందం 1960లలోనే ఈ తరహా ఆపరేషన్లు చేసేది. 1960ల చివర లెవోడోపా మందు రావడంతో పార్కిన్‌సన్స్‌కు ఈ ఆపరేషన్ల అవసరం బాగా తగ్గిపోయింది.

కాల్చడంలో చిక్కు ఏమిటంటే, అది తిరిగి రానిది. గురి ఒకటి రెండు మిల్లీమీటర్లు తప్పినా, కాలినచోటు కాస్త పెద్దదైనా మాట తడబడడం, అడుగు తూలడం జీవితాంతం ఉండిపోవచ్చు. రెండు వైపులా కాలిస్తే మాట పోయే ప్రమాదం మరీ ఎక్కువ. అందుకే కాల్చే ముందు సర్జన్లు సూది చివర నుంచి కొద్దిపాటి విద్యుత్తు పంపి, సరైన చోటే ఉన్నామా అని చూసుకునేవారు. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో అలీమ్ లూయి బెనాబిద్ 1987లో ఇలాగే చూసుకుంటూ, ఆ విద్యుత్తు స్పందనల వేగాన్ని సెకనుకు నూరు దాకా పెంచారు. వణుకు ఆగింది. ఆపేస్తే తిరిగి వచ్చింది. న్యూరోసర్జన్ మాత్రమే కాక భౌతికశాస్త్రంలోనూ పరిశోధన చేసిన మనిషి కావడం వల్లనేమో, అక్కడితో ఊరుకోక, కాల్చి సాధించేదాన్ని కాల్చకుండానే సాధించవచ్చు కదా అని ఆలోచించారు. ఒక వైపు అప్పటికే కాల్చినవారికి రెండో వైపు కాల్చకుండా ఎలక్ట్రోడ్‌ను అక్కడే ఉంచేయడంతో మొదలుపెట్టి, నాడీవైద్యుడు పియెర్ పొలాక్‌తో కలిసి దాన్ని ఒక చికిత్సగా నిలబెట్టారు. 1997లో అమెరికాలో మందులను, వైద్య పరికరాలను ఆమోదించే సంస్థ ఎఫ్‌డీఏ వణుకు చికిత్సకు దీన్ని ఆమోదించింది. 2014లో బెనాబిద్‌కు, పార్కిన్‌సన్స్‌లో థాలమస్ కింద ఉండే సబ్‌థాలమిక్ కేంద్రకం పాత్రను కోతుల్లో చూపించిన మాలన్ డిలాంగ్‌కు కలిపి, వైద్య పరిశోధనకు ఇచ్చే లాస్కర్ పురస్కారం వచ్చింది.

2000 సంవత్సరంలో డచ్ వైద్యులు ఒక పోలిక ప్రచురించారు. వణుకు ఉన్న 68 మందిలో కొందరికి కాల్చి, కొందరికి ఎలక్ట్రోడ్ పెట్టి చూశారు. వణుకును తగ్గించడంలో రెండూ సమానంగానే పనిచేశాయి. కాని దుష్ఫలితాలు ఎలక్ట్రోడ్ పెట్టినవారిలో తక్కువగా ఉన్నాయి, రోజువారీ పనుల్లో వారే ఎక్కువ మెరుగుపడ్డారు. దీన్ని నేను అర్థం చేసుకున్నది ఇలా: డీబీఎస్ గొప్పతనం వణుకును ఆపడంలో లేదు, ఆ పని కాల్చినా జరుగుతుంది. ఎక్కువైతే తగ్గించుకోవచ్చు, చాలకపోతే పెంచుకోవచ్చు, వద్దనుకుంటే ఆపేయవచ్చు, దాని గొప్పతనమంతా అందులో ఉంది. అలాంటప్పుడు ఆ తగ్గించి పెంచే మనిషి అందుబాటులో లేకపోతే, అన్ని లక్షలు పోసి కొన్నదాంట్లో అసలు విలువను వాడుకోకుండా పక్కన పెట్టినట్టే.

విద్యుత్తు పంపితే వణుకు ఎందుకు ఆగుతుందన్నది శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటున్న విషయమే. మొదట్లో అది ఆ చోటును మూగబోయేలా చేస్తుందని అనుకున్నారు. ఇప్పుడు ఎక్కువమంది చెప్పేది, చిన్నమెదడు నుంచి థాలమస్ మీదుగా పైకి వెళ్లే దారిలో కణాలన్నీ ఒకే లయలో పడిపోవడమే వణుకని, వేగవంతమైన స్పందనలు ఆ లయను చెదరగొడతాయని. కోలాటంలో అందరూ ఒకే తాళానికి కోలలు వేస్తున్నప్పుడు, పక్కనే ఎవరో అంతకు ఎన్నో రెట్ల వేగంతో ఆపకుండా డప్పు వాయిస్తే తాళం చెదిరినట్టన్నమాట. స్పందనల వేగం తక్కువగా ఉంటే వణుకు ఆగదు, ఒక్కోసారి పెరుగుతుంది కూడా. అందుకే సాధారణంగా సెకనుకు 130 లేదా అంతకు పైన పెడతారు.

హైదరాబాదులో ఆపరేషన్ రోజు జరిగిందేమిటో క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే భయమంతా దీని చుట్టూనే ఉంటుంది కాని, నిజానికి ఒక్క రోజు వ్యవహారం. ఉదయాన్నే తలకు నాలుగు చోట్ల మత్తుసూది వేసి చట్రం బిగించారు. ఆ చట్రంతోనే సీటీ స్కాన్ తీసి, అంతకుముందు తీసిన ఎంఆర్ఐతో కంప్యూటర్‌లో జతచేసి, థాలమస్‌లో విమ్ అని పిలిచే భాగానికి దారి గీశారు. కుడిచేతి వణుకుకు ఎడమవైపు మెదడులో పెట్టాలి. పుర్రెకు చిన్న రంధ్రం చేసేంతవరకు చప్పుడు, అదురు తప్పవు గాని, మెదడుకు నొప్పి తెలియదు. ఎలక్ట్రోడ్ దిగాక మామయ్యను మెలకువగానే ఉంచి, అట్టకు పెట్టిన కాగితం మీద నత్తగుల్ల చుట్టలా గీత గీయమన్నారు. ఆ కాగితాలు తరువాత మాకు చూపించారు. కరెంటు లేనప్పుడు గీసినది రంపపు పళ్లలా ఉంది, కరెంటు పెంచుతూ గీయించినవి ఒక్కొక్కటే నునుపుదేలాయి. అది అయ్యాక పూర్తి మత్తు ఇచ్చి, చెవి వెనకగా చర్మం కింద వైరు దించి, కాలర్ ఎముక కింద బ్యాటరీ అమర్చారు. మెదడులో రక్తస్రావం నూటికి ఒకరిద్దరికి జరగవచ్చునని, చీము పట్టడం అంతకంటే కొంచెం తరచని, రెంటికీ సిద్ధపడే సంతకం పెట్టాలని ముందే చెప్పారు. ఆ మాట దాచకుండా చెప్పే ఆసుపత్రినే నమ్మవచ్చు.

అసలు కథ ఇంటికి వచ్చాక మొదలవుతుంది. ఎలక్ట్రోడ్ దిగినప్పుడు ఆ చోట ఏర్పడే చిన్నపాటి వాపు వల్ల, బ్యాటరీ ఆన్ చేయకుండానే వణుకు కొన్నాళ్లు తగ్గి ఉంటుంది. ఇంట్లో అందరికీ అదే ఫలితమని అనిపిస్తుంది. మా అత్తయ్య దేవుడికి కొబ్బరికాయ కూడా కొట్టేశారు. వాపు తీసేకొద్దీ వణుకు మళ్లీ తలెత్తుతుంది, ఆపరేషన్ విఫలమైందని గుండె జారిపోతుంది. ఇది ముందుగా తెలిసి ఉండాలి. కొన్ని వారాలు ఆగి బ్యాటరీ ఆన్ చేయడానికి కారణమూ ఇదే, వాపు ఉండగా పెట్టిన కరెంటు లెక్క తరువాత పనికిరాదు.

ఆన్ చేసిన రోజు కూర్చోబెట్టి చేసే పనిని ప్రోగ్రామింగ్ అంటారు. ఎలక్ట్రోడ్ చివర ఒకదాని మీద ఒకటి నాలుగు లోహపు వలయాలుంటాయి. కొత్తవాటిలో వలయాన్ని ముక్కలు చేసి, కరెంటును ఒక పక్కకే పంపే వీలు కూడా ఉంది. ఏ వలయం నుంచి పంపాలి, ఎంత కరెంటు పంపాలి, ఒక్కో స్పందన ఎంతసేపు ఉండాలి, సెకనుకు ఎన్ని ఉండాలి అన్న నాలుగూ కలిపి చూస్తే లెక్కకు మించిన కూర్పులు వస్తాయి. న్యూరాలజిస్టు ఒక ట్యాబ్లెట్ పట్టుకుని, ఒక్కో వలయంలో కరెంటును కొద్దికొద్దిగా పెంచుతూ, “ఏమైనా తేడాగా ఉందా మాస్టారూ?” అని అడుగుతూ పోయారు. విమ్‌కు వెనకవైపు స్పర్శకు సంబంధించిన భాగం ఉంటుంది, కరెంటు అటు పాకితే వేళ్లలోనూ మూతి చివరా తిమ్మిరి వస్తుంది. క్షణాల్లో పోయే తిమ్మిరి మంచి గుర్తే, చోటు సరిగ్గా ఉందన్నమాట. పోకుండా నిలిచిపోతే మాత్రం వలయం మార్చాలి. పక్కవైపు నరాల కట్టకు తగిలితే మూతి ఒక పక్కకు లాగుతుంది, మాట ముద్దగా వస్తుంది. వణుకు తగ్గే మోతాదుకూ ఈ ఇబ్బందులు మొదలయ్యే మోతాదుకూ మధ్య ఉన్న జాగాలోనే పని జరగాలి, ఆ జాగా ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది.

మామయ్యకు మొదటి రోజు పెట్టిన లెక్కతో చెయ్యి నిలబడింది, నీళ్ల గ్లాసు ఒలకకుండా తాగారు. కాని ఇంటికొచ్చిన వారంలోనే ఫోనులో ఆయన మాట నాలుక మందమైనట్టు వినిపించసాగింది. “చెయ్యి బాగానే ఉందిరా, మాటే నాది కాదనిపిస్తోంది” అన్నారు. మళ్లీ వెళ్లాం, కరెంటు తగ్గించి వలయం మార్చారు, మాట తేరుకుంది, వణుకు కాస్త మిగిలింది. ఆ మిగిలినదాన్ని ఉంచుకోవాలా, మాటను కొంచెం వదులుకుని దాన్నీ పోగొట్టుకోవాలా అన్నది డాక్టరు నిర్ణయించేది కాదు. దస్తావేజులు మానేసినా నలుగురితో మాట్లాడకుండా ఉండలేని మనిషి కనుక ఆయన మాటనే ఎంచుకున్నారు. కొన్ని నెలలపాటు ఇలా వెళ్తూ వస్తూ ఉంటేనే లెక్క కుదిరింది. రాత్రి పడుకునేటప్పుడు తన చేతిలోని రిమోట్‌తో యంత్రాన్ని ఆపేయమన్నారు. అందువల్ల బ్యాటరీ ఎక్కువకాలం వస్తుంది, మెదడు ఆ కరెంటుకు అలవాటుపడిపోయి ఫలితం తగ్గడం కూడా కొంత ఆలస్యమవుతుంది. ఇది ఎసెన్షియల్ ట్రెమర్ ఉన్నవారికి చెప్పిన మాట, పార్కిన్‌సన్స్‌కు పెట్టినవారు తమంతట తాము ఆపకూడదు.

పార్కిన్‌సన్స్ ప్రస్తావన వచ్చింది కనుక ఒక మాట. వారికి విమ్‌లో పెడితే వణుకు తగ్గుతుంది గాని మందగమనం, బిగుతు తగ్గవు. అందుకే బెనాబిద్ బృందం 1993 నుంచి సబ్‌థాలమిక్ కేంద్రకాన్ని ఎంచుకుంది, ఇప్పుడు ఎక్కువగా చేసేదీ అదే. అది వేరే చర్చ. మామయ్య అనుభవాన్ని వారికి యథాతథంగా అన్వయించవద్దని మాత్రమే చెప్పదలిచాను.

తెనాలి నుంచి హైదరాబాదుకు తీసుకువెళ్లడానికి నాలాంటి మేనల్లుడు ఒకడుండడం మామయ్యకు కలిసివచ్చింది. అందరికీ అలా ఉండదు. పిల్లలు అమెరికాలో ఉండి, ఒంటరిగా ఉంటున్న పెద్దవారికి డీబీఎస్ సూచించేముందు ఈ సంగతి తేల్చుకోవాలి. అలాంటివారికి ఇప్పుడు మరో దారి ఉంది. తల కోయకుండా, ఎంఆర్ఐ యంత్రంలోనే పడుకోబెట్టి, శిరస్త్రాణంలాంటి పరికరం నుంచి వెయ్యికి పైగా అల్ట్రాసౌండ్ కిరణాలను ఒకే బిందువు మీద కేంద్రీకరించి అదే విమ్‌ను కాలుస్తారు. అమెరికాలో 2016లో ఎసెన్షియల్ ట్రెమర్‌కు ఆమోదం పొందింది, మన దేశంలోనూ కొద్దిచోట్ల మొదలైంది. బ్యాటరీ లేదు, వైరు లేదు, ప్రోగ్రామింగ్ లేదు. కాని ఇది 1950ల నాటి కాల్చే పద్ధతే, సూది బదులు శబ్దతరంగాలు వచ్చాయంతే. తూలడం, తిమ్మిరి వంటివి మిగిలితే సరిచేసుకునే వీలు లేదు. కొందరి పుర్రె ఎముక ఆ తరంగాలను సరిగా లోపలికి పోనివ్వదు. అయినా ఆసుపత్రి చుట్టూ తిరగలేని మనిషికి, ఒక చెయ్యి కుదురుకుంటే చాలుననుకునే మనిషికి అదే మేలని నేను ఇప్పుడు మొహమాటం లేకుండా చెబుతున్నాను. సరిదిద్దుకునే వీలున్న చికిత్స, సరిదిద్దేవారు దగ్గరలో ఉంటేనే గొప్పది.

ఖర్చు ఎంతని అడిగేవారికి: ఒక వైపు చేసినా పది లక్షలకు అటూ ఇటూ అనుకోవాలి, రెండు వైపులా అయినా, రీచార్జ్ చేసుకునే బ్యాటరీ అయినా ఇంకా పైకి పోతుంది. ఇందులో పెద్ద భాగం యంత్రానిదే. మామూలు బ్యాటరీ మూడు నుంచి ఐదేళ్లు వస్తుంది. అయిపోయాక ఛాతీ దగ్గర చిన్న కోతతో మార్చేస్తారు, మెదడు జోలికి పోరు గాని, డబ్బు మాత్రం మళ్లీ కట్టాలి. రీచార్జ్ అయ్యేది పదేళ్లకు పైగా వస్తుంది, కాని చర్మం మీద చార్జర్ ఆనించుకుని క్రమం తప్పకుండా కూర్చోవాలి. మతిమరుపు ఉన్న పెద్దవారికి నేనైతే మామూలుదే మేలంటాను. బీమా ఉంటే, బ్యాటరీ మార్చడానికయ్యే ఖర్చు కూడా ఇస్తారో లేదో కాగితం మీద రాయించుకోవాలి, నోటిమాట సరిపోదు.

డిశ్చార్జి రోజు హడావిడిలో చెవికెక్కని జాగ్రత్త ఒకటుంది. మోకాళ్ల నొప్పులకు మన ఊళ్లలో ఫిజియోథెరపీ కేంద్రాలకు వెళితే ‘కరెంటు పెట్టించుకోవడం’ అనేది మామూలు. వాటిలో రేడియో తరంగాలతో ఒంటి లోపల వేడి పుట్టించే షార్ట్‌వేవ్ డయాథర్మీ అనేదాన్ని డీబీఎస్ ఉన్నవారికి ఒంట్లో ఏ భాగం మీదా పెట్టకూడదు, యంత్రం ఆపి ఉన్నా సరే పెట్టకూడదు. ఆ శక్తి వైరు గుండా వెళ్లి ఎలక్ట్రోడ్ చివర మెదడు కణజాలాన్ని కాల్చేయగలదు, ప్రాణం పోయిన ఘటనలూ ఉన్నాయి. ఎంఆర్ఐ తీయాలంటే ఏ రకం యంత్రం అమర్చారో చూసి, కంపెనీ చెప్పిన షరతుల ప్రకారమే తీయాలి. ఈసీజీ తీసేటప్పుడు ఆన్‌లో ఉంటే గీతల్లో పిచ్చి గీతలు కలిసిపోతాయి, కాబట్టి డాక్టరుతో చెప్పి కాసేపు ఆపాలి. ఆసుపత్రి ఇచ్చే గుర్తింపు కార్డు పర్సులో ఒకటి, ఇంట్లో గోడకు ఒకటి ఉండాలి. దాని మీద యంత్రం పేరు, మోడలు, ఎటువైపు పెట్టారన్నది, ప్రోగ్రామింగ్ చేసే డాక్టరు నంబరు ఉన్నాయో లేదో డిశ్చార్జికి ముందే చదివి చూసుకోండి.